మొదటి రీఫ్ ట్యాంకు: లైటు కంటే ముందు చూసుకోవాల్సినవి

రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీళ్లలో చేపలు, పగడాలు పెంచే అక్వేరియం, పెట్టాలనుకునేవాళ్లు ముందు అడిగేది లైటు గురించే. ‘ఏ ఎల్ఈడీ తీసుకోమంటారు? చైనాదైతే నడుస్తుందా?’ అని. నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. మే నెల మధ్యాహ్నం మూడింటికి మీ హాల్లో ఎంత వేడి ఉంటుంది? కరెంటు పోతే మీ ఇంట్లో ఏమేం నడుస్తాయి?

నా మొదటి ట్యాంకు 45 లీటర్లది. కూకట్‌పల్లిలో ఫ్లాటు, పైన ఇంక స్లాబే. డిసెంబరులో మొదలుపెట్టాను, ఏప్రిల్ దాకా ముచ్చటగా ఉంది. మే రెండో వారంలో పెళ్లికని రెండు రోజులు ఊరెళ్లొచ్చేసరికి థర్మామీటరు 33 చూపిస్తోంది. నీళ్లు రెండు వేళ్ల మేర తగ్గిపోయాయి. బొత్తాల్లా విచ్చుకుని ఉండాల్సిన జోయాంథిడ్లు అనే మెత్తటి పగడాలు అన్నీ ముడుచుకుపోయాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి కొట్టుకుంటున్నాయి. నెల జీతంలో సగం పోసి కొన్న లైటు మాత్రం టైమర్ ప్రకారం చక్కగా నీలంగా వెలుగుతోంది.

ఏం పెంచుతారు?

దార్లు మూడు. చేపలు మాత్రమే, లేదా చేపలతో పాటు మెత్తటి పగడాలు, లేదా వీడియోల్లో కనిపించే కొమ్ములు కొమ్ములుగా ఉండే రాతి పగడాలు.

మూడోది మన దేశంలో మొదటి ట్యాంకుకి కుదరదని తేల్చేస్తాను. కష్టమని ఒక కారణం. అసలు కారణం చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి పగడాలన్నిటినీ 2001లో షెడ్యూల్ 1లో చేర్చారు. అంటే పులి ఉన్న షెడ్యూల్లోనే. నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా అప్పుడే ఆ షెడ్యూల్లోకి వచ్చాయి. మన్నార్ సింధుశాఖలోనో అండమాన్‌లోనో తీసిన ముక్క మీ ట్యాంకులో ఉంటే అది నేరం. ‘అందరూ అమ్ముతున్నారు కదా’ అనే మాట అటవీ శాఖవాళ్ల ముందు పనికిరాదు. విదేశాల నుంచి వచ్చినవని చెబితే దిగుమతి కాగితాలు చూపించమనండి. చూపించలేకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

కాబట్టి అసలు పోలిక మొదటి రెండిటి మధ్యే. చేపల ట్యాంకుకి లైటు ఏదైనా సరిపోతుంది, మురికి నుంచి తయారయ్యే నైట్రేటు కాస్త పెరిగినా ఇబ్బంది లేదు. కానీ చేపలకు చోటు ఎక్కువ కావాలి, మేత ఎక్కువ, మురికీ ఎక్కువే. మెత్తటి పగడాలు, అంటే మష్రూమ్, జోయాంథిడ్, లెదర్ లాంటివి, పై జాబితాలో పేరున్నవి కావు. కొనే ముందు తాజా జాబితా ఒకసారి చూసుకోండి, బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. ఇవి చిన్నచిన్న తప్పుల్ని ఓర్చుకుంటాయి, వాటంతటవే పిలకలు వేస్తాయి. నా సిఫారసు రెండు క్లౌన్ చేపలు, నాలుగైదు రకాల మెత్తటి పగడాలు. కింద చెప్పే సామానంతా దీన్ని దృష్టిలో పెట్టుకునే.

జోయాంథిడ్ల గురించి ఒక జాగ్రత్త. కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ముట్టుకునేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. వాటి రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో మరిగించకండి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి.

45 లీటర్లా, 180 లీటర్లా?

చిన్నదైతే ఖర్చు తక్కువ, పని తక్కువ అనుకుంటాం. ఖర్చు వరకు నిజమే. పని విషయంలో తిరగబడుతుంది. సముద్రపు నీటి ఉప్పదనం వెయ్యికి 35. వేసవిలో రోజుకి రెండు లీటర్లు ఆవిరైపోయాయనుకోండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. 45 లీటర్ల ట్యాంకులో ఒక్క రోజులో 35 కాస్తా 36.6 అవుతుంది. 180 లీటర్లలో 35.4 దగ్గరే ఆగుతుంది. వేడెక్కడమూ అంతే. చిన్న ట్యాంకు గిన్నెలో టీలాగా ఇట్టే కాగుతుంది, పెద్దది నెమ్మదిగా.

అలాగని ఆరడుగులది కూడా వద్దు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, దాదాపు 180 లీటర్లు. మొదటిసారికి ఇది సరైన కొలత. నీళ్లే 185 కిలోలు, 10 ఎంఎం గాజు మరో 40, దాని మీద రాళ్లు, ఇసుక, స్టాండు. మొత్తం 300 కిలోలు దాటుతుంది. గోడ వారగా, కింద బీమ్ ఉన్నచోట పెట్టుకోండి, బాల్కనీలో వద్దు. అద్దె ఇల్లయితే ఓనరుకి ముందే చెప్పండి. చోటు లేదు, తప్పదు అంటే 80 లీటర్లకు తగ్గొద్దు.

స్టాండు వెల్డింగ్ షాపులో ఐరన్‌తో చేయించుకుంటే ప్లైవుడ్ కన్నా చవక, గట్టిది. కానీ ఉప్పు తగిలిన ఐరన్ ఏమవుతుందో సముద్రం పక్క ఊళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. పౌడర్ కోటింగ్ చేయించండి, లేదా రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు కొట్టించి పెయింట్ వేయించండి.

సంప్ ఉండాలా?

మన ఇళ్లలో సంప్ అంటే గేటు దగ్గర భూమిలో ఉండే నీళ్ల తొట్టి. ఈ లోకంలో సంప్ అంటే ట్యాంకు కింద స్టాండులో దాచే రెండో గాజు పెట్టె. పై నుంచి నీళ్లు పొర్లి కిందికి వస్తాయి, ఫిల్టర్లు దాటి మోటారుతో మళ్లీ పైకి వెళ్తాయి. స్కిమ్మర్ (మురికిని నురగగా తీసేసే పరికరం), హీటర్ అన్నీ కింద దాక్కుంటాయి, నీళ్ల పరిమాణమూ పెరుగుతుంది. దీనికి పోటీ ఆల్-ఇన్-వన్ ట్యాంకు, అందులో వెనక గదిలోనే ఫిల్టర్ ఉంటుంది. గొట్టాలు ఉండవు, లీకేజీ టెన్షన్ తక్కువ.

100 లీటర్ల లోపైతే ఆల్-ఇన్-వన్. 180కి సంప్ మంచిది. కానీ సంప్ పెట్టేవాళ్లు ఒకటి పరీక్ష చేయాలి. కరెంటు పోగానే మోటారు ఆగుతుంది, పైకి వెళ్లే గొట్టం సైఫన్‌లా మారి ట్యాంకు నీళ్లను కిందికి లాగడం మొదలుపెడుతుంది. సంప్‌లో ఆ నీళ్లకు ఖాళీ లేకపోతే హాలంతా ఉప్పునీళ్లే. అందుకే ఆ గొట్టానికి నీటిమట్టానికి కాస్త కింద ఒక చిన్న బెజ్జం వేస్తారు. మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. నా బెజ్జంలో ఒకసారి ఒక నత్త కూర్చుంది. ఎక్కడో కరెంటు తీగ మీద కొమ్మ పడ్డ రోజది. కింది ఫ్లాటు పిన్నిగారు తలుపు కొట్టేదాకా తెలియలేదు. రాళ్లు, ఇసుక వేయకముందే ట్యాంకు నింపి, మోటారు ఆపి, నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో చూసి సంప్ మీద మార్కర్‌తో గీత గీసుకోండి. ఆ బెజ్జాన్ని వారానికోసారి పుల్లతో పొడవండి.

నీళ్లు ఎక్కడివి?

బోరు నీళ్లు అసలు వద్దు. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ పోగొట్టినా నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు మిగులుతాయి. రెండు నెలల్లో ఇసుక మీద గోధుమరంగు బూజు, రాళ్ల మీద పచ్చటి జుట్టు మొలుస్తాయి.

‘ఇంట్లో ఆర్వో ఉంది కదా’ అనేది తర్వాతి మాట. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. తాగే నీళ్ల ఆర్వోల్లో చాలావాటికి టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మోతాదు) కంట్రోలర్ అని ఒక చిన్న మర ఉంటుంది. నీళ్లకు రుచి రావాలని వడకట్టిన నీళ్లలో కొంచెం మామూలు నీళ్లు తిరిగి కలుపుతుంది. మనకు మంచిదే, పగడాలకు కాదు. 20 లీటర్ల వాటర్ క్యాన్లదీ అదే కథ. చిన్న టీడీఎస్ మీటరు కొని పెట్టి చూడండి, 40 నుంచి 100 మధ్య చూపిస్తే ఆశ్చర్యపోకండి. మనకు కావాల్సింది సున్నా.

అక్వేరియంకి వేరే ఆర్వో-డీఐ యూనిట్ దొరుకుతుంది, ఆర్వో తర్వాత మిగిలిన లవణాలను అందులోని డీఐ రెజిన్ లాగేస్తుంది. లేదా ఇంట్లో ఆర్వోకే మెకానిక్‌తో కంట్రోలర్ పూర్తిగా మూయించి, ట్యాంకుకి పట్టే గొట్టం చివర డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించుకోవచ్చు. తాగే కుళాయిని ఆ రెజిన్‌కి ముందే వేరుచేసుకోవాలి. ఇదే చవకైన దారి. నేనూ ఇదే వాడుతున్నా. మూడు వంతులు వృథా నీళ్లు పోయే యూనిట్ అయితే 160 లీటర్లు పట్టడానికి 480 లీటర్లు బయటికి పోతాయి. వేసవిలో ట్యాంకరు తెప్పించుకునే కాలనీల్లో ఇది చిన్న విషయం కాదు. ఆ నీళ్లు బకెట్లకు పట్టి బాత్రూముకి, ఇల్లు తుడవడానికి వాడండి.

విశాఖలో, కాకినాడలో ఉన్నవాళ్లు నవ్వుతుంటారు, ‘సముద్రమే ఎదురుగా ఉంటే ఈ గోలంతా ఎందుకు?’ అని. బంగాళాఖాతంలో గోదావరి, కృష్ణ, మహానది, గంగ అన్నీ వచ్చి పడతాయి. వానాకాలం చివర తీరం దగ్గర పైనీటి ఉప్పదనం 30 కంటే కిందికి దిగుతుంది. ఒండ్రు సరేసరి. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు మన్నార్, కచ్, అండమాన్, లక్షద్వీప్‌లలో ఉన్నాయి గానీ మన తీరం వెంబడి అలాంటివి లేకపోవడానికి ఈ తియ్యనీళ్లు, ఒండ్రు ముఖ్య కారణాలు. ఒడ్డున ముంచి తెచ్చిన నీళ్లలో మురుగు, హార్బరు నూనె కూడా ఉండొచ్చు. వద్దు.

ఉప్పు

కల్లుప్పు కలపొచ్చా అని మా మేనమామే అడిగాడు. కూడదు. వంట ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 420 దాకా కాల్షియం, ఇంకా పొటాషియం, బైకార్బొనేటు ఉంటాయి. అందుకే డబ్బాల్లో వచ్చే సాల్ట్ మిక్స్. రెడ్ సీ, ట్రోపిక్ మారిన్, ఇన్‌స్టంట్ ఓషన్ లాంటివన్నీ పనిచేస్తాయి. వీటిలో మామూలు రకం, రీఫ్ కోసమని క్షారత పెంచిన రకం రెండూ ఉంటాయి. మెత్తటి పగడాలకు మామూలు రకం చాలు. బ్రాండు కన్నా మీ ఊళ్లో ఏడాది పొడవునా ఏది ఆగకుండా దొరుకుతుందో అది తీసుకోండి, మధ్యలో మార్చడమే పెద్ద తలనొప్పి.

లీటరుకి రమారమి 38 గ్రాములు. మొదటిసారి 160 లీటర్లకు 6 కిలోలు, తర్వాత వారానికి 18 లీటర్లు మారిస్తే నెలకు 3 కిలోలు. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టకపోతే గడ్డకడుతుంది. ఉప్పదనం కొలవడానికి ముల్లు ఊగే ప్లాస్టిక్ పరికరం చవకగా వస్తుంది, దాన్ని నమ్మకండి. గాలిబుడగ అంటుకుంటే చాలు, తప్పు చెబుతుంది. రిఫ్రాక్టోమీటరు కొనండి, 35 ఉప్పదనం ఉన్న ద్రావణంతో సరిచేసుకోండి.

ఫ్యానా, నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమా, ఏసీనా?

ట్యాంకు 25, 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి కొన్నాళ్లుంటే పగడాలు తమ ఒంట్లో ఉండి తిండి పెట్టే నాచును బయటికి తోసేసి తెల్లబడతాయి. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది.

ఇక్కడ జవాబు ఊరిని బట్టి మారుతుంది. నీటి మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాను పది వాట్లు కూడా తీసుకోదు. ఒక లీటరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడిని మోసుకుపోతుంది. రోజుకి నాలుగు లీటర్లంటే 2.7 యూనిట్ల వేడి, దాదాపు ఉచితంగా పోయినట్టే. హైదరాబాద్, అనంతపురం, కర్నూలు ఎండ పొడిది కాబట్టి ఫ్యానుతో రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. మన కూలర్ల సూత్రమే. విశాఖ, కాకినాడ, నెల్లూరుల్లో గాలిలోనే తడి. ఒంటి మీద చెమటే ఆరదు, ట్యాంకు నీళ్లేం ఆవిరవుతాయి? అక్కడ ఫ్యాను మీద ఆశ పెట్టుకోకుండా చిల్లర్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి.

చిల్లర్ అంటే చిన్న ఫ్రిజ్ లాంటిదే. అది నీటిలో వేడిని తీసి గదిలోకి వదులుతుంది. స్టాండు లోపల తలుపులు మూసి పెడితే తన వేడి తనే పీల్చుకుని ఆగకుండా తిరుగుతుంది. 200 వాట్ల చిల్లర్ రోజుకి పది గంటలు నడిస్తే నెలకు 60 యూనిట్లు. కరెంటు బిల్లు స్లాబు మారే అంచున ఉన్నవాళ్లకు ఆ 60 యూనిట్లు బిల్లులో ఎక్కువే కనిపిస్తాయి. ఎలాగూ పగలంతా ఏసీ నడిచే గది ఉంటే, ట్యాంకు అక్కడే పెట్టేసుకోండి. ట్యాంకు కోసం ఏసీ వేయడం మాత్రం దండగ.

హైదరాబాద్‌లో నా ఎంపిక రెండు ఫ్యాన్లు, వాటిని 26.5 దగ్గర వేసి ఆపే కంట్రోలర్. పై అంతస్తు ఇల్లయితే చిల్లర్ తప్పదు, నేను చివరికి కొన్నాను. డిసెంబరు, జనవరి రాత్రులకు హీటర్ కూడా ఉండాలి. విశాఖలో దాని అవసరం చాలా అరుదు.

ఫ్యాను పెడితే ఆవిరైన నీళ్లను నింపే ఆటో టాప్-ఆఫ్ కూడా కొనాలి. నింపేది ఉప్పులేని ఆర్వో నీళ్లతోనే. ఫ్లోట్ రకం చవక, కానీ ఇరుక్కుంటుంది. సెన్సర్ రకం నయం. ఏదైనా సరే నీళ్ల డబ్బా 10 లీటర్లకు మించనివ్వకండి. సెన్సర్ పాడై డబ్బా మొత్తం ట్యాంకులోకి పోయినా ఉప్పదనం 33 దగ్గర ఆగుతుంది, ఎవరూ చావరు. 50 లీటర్ల డ్రమ్ము పెట్టినవాళ్లకు ఆ భరోసా లేదు.

కరెంటు పోతే

చేపలు ఆకలికి వారం ఆగుతాయి. కదలని నీళ్లలో, వేసవిలో, కొన్ని గంటలే. కాబట్టి కరెంటు పోయినప్పుడు నడవాల్సింది ఒక్కటే, నీటిని కదిపే వేవ్‌మేకర్. లైటు, స్కిమ్మర్, చిల్లర్ ఆగినా ఫరవాలేదు.

ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు, చేతికొచ్చేది సగమనుకోండి. పది వాట్ల వేవ్‌మేకర్, 25 వాట్ల మోటారు కలిపి 35. వాటికే అయితే 25 గంటలు వస్తుంది. కానీ అదే ఇన్వర్టర్ మీద నాలుగు సీలింగ్ ఫ్యాన్లు తిరుగుతుంటే మూడు గంటలకే చేతులెత్తేస్తుంది. ఆ సమయంలో ఏవి ఆపాలో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమే కావాలి. స్క్వేర్ వేవ్ మీద ఏసీ కరెంటుతో నడిచే మోటార్లు గుయ్యిమని మోగుతూ వేడెక్కుతాయి. ఇన్వర్టర్ లేకపోతే యూఎస్‌బీతో నడిచే గాలి పంపు ఒకటి, ఫోన్ పవర్ బ్యాంకు ఒకటి స్టాండులో పడేసి ఉంచండి. ఈ మొత్తం సామానులో అన్నిటికన్నా చవకైనది ఇదే.

ఉప్పునీళ్లు, కరెంటు పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న లైను మీదే పెట్టండి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా చూడండి, కారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా నేలమీద పడుతుంది.

ఇప్పుడు లైటు, స్కిమ్మర్

మెత్తటి పగడాలకు 50 నుంచి 150 పార్ (పగడాలకు పనికొచ్చే వెలుతురు కొలత) వెలుతురు చాలు. రాతి పగడాలకు కావాల్సిన 250, 300 మనకు అవసరం లేదు. నీలం, తెలుపు విడిగా తగ్గించుకునే వీలున్న మామూలు రీఫ్ ఎల్ఈడీ సరిపోతుంది, రోజుకి ఎనిమిది గంటలు. పెద్ద బ్రాండు మీద పెట్టే డబ్బు మిగిల్చుకుని చిల్లర్ కొనుక్కోవచ్చు.

వేవ్‌మేకర్ గంటకు 2,000 నుంచి 3,500 లీటర్లు తిప్పేది. స్కిమ్మర్ 180 లీటర్లకు తీసుకోండి. చిన్న ఆల్-ఇన్-వన్‌లో వారం వారం నీళ్లు మార్చే ఓపిక ఉంటే మానేయొచ్చు.

రాళ్లు, బ్యాక్టీరియా, తర్వాత చేపలు

సముద్రం నుంచి తీసిన ‘లైవ్ రాక్’ చాలావరకు పగడాల అస్థిపంజరమే, అంటే మళ్లీ ఆ షెడ్యూలే. ఫ్యాక్టరీలో చేసిన సిరామిక్ రాళ్లు తీసుకోండి. మొదట్లో తెల్లగా పెళ్లిపందిరి థర్మోకోల్‌లా ఉంటాయి, ఆరు నెలల్లో ఊదారంగు పట్టి అందంగా తయారవుతాయి.

నీళ్లు నింపిన రోజే చేపలు వేయకూడదు. అమ్మోనియాను మార్చే సీసా బ్యాక్టీరియా పోసి, అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వేసి, అది నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మారేదాకా ఆగాలి. నాలుగు నుంచి ఆరు వారాలు. ఈ లోపు షాపువాళ్లు ‘గట్టి చేపలు’ అని డామ్‌సెల్స్ అనే చేపల్ని అంటగడతారు. అవి బతుకుతాయి నిజమే, తర్వాత వేసే ప్రతి చేపనూ కొడతాయి, రాళ్ల మధ్య నుంచి పట్టుకోవడం మీ వల్ల కాదు.

క్లౌన్ జత తీసుకుంటే హేచరీలో పుట్టినవే అడగండి. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఈ చేపల్ని తొట్టెల్లో పొదిగించే పద్ధతి ఎప్పుడో రూపొందించారు. సముద్రంలో పట్టినవాటి కన్నా ఇవి గుళికల మేతకు తొందరగా అలవాటు పడతాయి. మాండరిన్ చేప ఎంత అందంగా ఉన్నా కొనకండి. బతికున్న చిన్న పురుగులే తింటుంది, కొత్త ట్యాంకులో అవి ఉండవు, కళ్ల ముందే ఎండిపోతుంది. నీలిరంగు టాంగ్ చేపకి మూడడుగులు చాలవు.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మేత డబ్బా పక్కింటివాళ్ల చేతికి ఇవ్వకండి, ప్రేమగా గుప్పెడు వేస్తారు. రోజు విడిచి రోజుకి ఒకటి చొప్పున చిటికెడు మేత కాగితపు పొట్లాలు కట్టి, మీద తేదీ రాసి ఇవ్వండి. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేయండి.